సబ్‌స్క్రిప్షన్ ఆగిందంటే ఎక్కడ ఆగినట్టు?

ఒక డేటాబేస్ సర్వర్‌లో జరిగే మార్పులు ఇంకో సర్వర్‌కి వాటంతటవే చేరేలా పెట్టుకునే ఏర్పాటు రెప్లికేషన్, అందుకోసం తీసుకునే సర్వర్‌లో పెట్టేది సబ్‌స్క్రిప్షన్. డేటా రావట్లేదని ఫోన్ రాగానే ఆ సబ్‌స్క్రిప్షన్‌ని డ్రాప్ చేసి, అంటే తీసేసి, మళ్ళీ క్రియేట్ చేసేయడం చాలా ఆఫీసుల్లో అలవాటైపోయింది. ఒక్కోసారి దాంతో పని జరిగిపోతుంది కూడా, అందుకే ఆ అలవాటు వదలదు. కానీ అలా చేశాక అసలు ఎందుకు ఆగిందో తెలుసుకునే దారి సగం మూసుకుపోతుంది, లక్షల రికార్డులున్న టేబుల్స్ మళ్ళీ మొదటినుంచి కాపీ అవ్వాలి, అవతల పాత డేటా తుడవకుండా వదిలేసి ఉంటే డూప్లికేట్ ఎర్రర్ ఒకటి కొత్తగా వచ్చి కూర్చుంటుంది. ఎర్రర్ ఇచ్చి ఆగిన సబ్‌స్క్రిప్షన్ గురించి పెద్దగా భయపడక్కర్లేదు, ఎందుకు ఆగిందో అదే లాగ్‌లో రాసి పెడుతుంది. టెన్షన్ పడాల్సినవి రెండున్నాయి: అది ఆగి ఉన్నంతసేపూ అవతలి సర్వర్‌లో నిండుతున్న డిస్క్ ఒకటి, అసలు ఆగకుండానే తప్పు డేటా చూపించే సబ్‌స్క్రిప్షన్ రెండోది.

ఉదాహరణకి భీమవరం దగ్గర రొయ్యలు కొని ప్రాసెస్ చేసే ఒక ప్లాంట్ అనుకుందాం. పట్టుబడి వివరాలు, కౌంట్, ఆ రోజు రేటు, రైతుకి ఇవ్వాల్సిన డబ్బు అన్నీ ప్లాంట్‌లోని పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సర్వర్‌లో ఎక్కుతాయి. అమలాపురం, నరసాపురం, పాలకొల్లు సెంటర్ల వాళ్ళు రిపోర్టులు చూసుకోవడానికి క్లౌడ్‌లో ఇంకో పోస్ట్‌గ్రెస్ ఉంటుంది. మొదటిది పబ్లిషర్, రెండోది సబ్‌స్క్రైబర్. పోస్ట్‌గ్రెస్‌లో ఈ లాజికల్ రెప్లికేషన్, అంటే టేబుల్స్‌లోని మార్పుల్ని మాత్రం పంపే పద్ధతి, 2017లో వచ్చిన పదో వెర్షన్‌తో మొదలైంది. పబ్లిషర్‌లో జరిగే ప్రతి మార్పూ ముందు రైట్ అహెడ్ లాగ్‌లోకి, అంటే అందరూ వాల్ అని పిలిచే చిట్టాలోకి వెళుతుంది. ఆ చిట్టాలో సబ్‌స్క్రైబర్ ఎంతవరకు తీసుకుందో గుర్తుపెట్టుకునేది రెప్లికేషన్ స్లాట్. సబ్‌స్క్రైబర్ వైపు అప్లై వర్కర్ అనే ప్రాసెస్ కూర్చుని వచ్చిన మార్పుల్ని ఒక్కోటీ తన టేబుల్స్‌లో వేస్తుంది.

ఇక్కడ చాలామంది తిరగేసి అర్థం చేసుకునే విషయం ఒకటుంది. పంపేది పబ్లిషర్ కదా, కనెక్షన్ కూడా అదే పెట్టుకుంటుందనుకుంటారు. కనెక్షన్ పెట్టుకునేది సబ్‌స్క్రైబరే. క్లౌడ్‌లో ఉన్న సర్వర్ భీమవరం ప్లాంట్‌లో ఉన్న సర్వర్‌కి వచ్చి తలుపు కొట్టాలి. ఈ ఒక్కటీ తెలిస్తే డెల్టాలో వచ్చే కనెక్షన్ సమస్యల్లో చాలావాటికి కారణం వెంటనే దొరుకుతుంది.

దానికంటే ముందు డిస్క్ సంగతి. సబ్‌స్క్రిప్షన్ ఏ కారణంతో ఆగినా సరే, మొదట లాగిన్ అవ్వాల్సింది పబ్లిషర్‌లోకి. స్లాట్ ఉన్నంతకాలం సబ్‌స్క్రైబర్ తీసుకోని వాల్ ఫైళ్ళని పోస్ట్‌గ్రెస్ చెరపదు, ఎన్ని రోజులైనా పట్టుకుని ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను వస్తే ఏం జరుగుతుందో చూడండి. కోల్డ్ స్టోరేజీ కోసం ప్లాంట్‌లో జనరేటర్ ఎలాగూ తిరుగుతూనే ఉంటుంది, కాబట్టి సర్వర్ ఆగదు, ఎంట్రీలూ ఆగవు. తెగిపోయేది ఫైబర్ కేబుల్ ఒక్కటే. గంటకి ఒకటిన్నర జీబీ వాల్ పుడుతోందనుకుంటే శుక్రవారం సాయంత్రం పోయిన నెట్ సోమవారం సాయంత్రానికి వచ్చేసరికి 108 జీబీ పేరుకుంటుంది. డిస్క్‌లో 100 జీబీయే ఖాళీ ఉంటే సోమవారం సాయంత్రం వరకూ కూడా ఆగక్కర్లేదు, ఆ రోజు మధ్యాహ్నానికే మెయిన్ డేటాబేస్ పానిక్ అని రాసి కూలిపోతుంది. రిపోర్టుల సర్వర్‌కి డేటా రాకపోవడం చిన్న ఇబ్బందే, కానీ దానివల్ల కాటా దగ్గర ఎంట్రీ ఆగిపోయి, గేటు బయట రొయ్యల వ్యాన్లు వరసకట్టి, ఐస్ కరిగిపోతుంటే అది వేరే స్థాయి నష్టం.

చూడాల్సింది పీజీ_రెప్లికేషన్_స్లాట్స్ అనే వ్యూ. అందులో యాక్టివ్ అనేది ఫాల్స్ అని ఉంటే అవతలనుంచి ఎవరూ కనెక్ట్ అయి లేరని అర్థం. ఎల్‌ఎస్‌ఎన్ అంటే వాల్‌లో ఒక చోటుని చెప్పే నంబర్. ఈ స్లాట్ కోసం వాల్ ఎక్కడినుంచి ఉంచాలో చెప్పే రీస్టార్ట్_ఎల్‌ఎస్‌ఎన్ దగ్గరనుంచి ఇప్పటి ఎల్‌ఎస్‌ఎన్ వరకు ఉన్న తేడాని పీజీ_వాల్_ఎల్‌ఎస్‌ఎన్_డిఫ్ ఫంక్షన్‌తో లెక్కిస్తే ఎన్ని బైట్లు ఆ స్లాట్ కోసం ఆగి ఉన్నాయో తెలుస్తుంది. పదమూడో వెర్షన్ నుంచి వాల్_స్టేటస్ అనే కాలమ్ కూడా ఉంది. అది రిజర్వ్‌డ్ నుంచి ఎక్స్‌టెండెడ్‌కి, అన్‌రిజర్వ్‌డ్‌కి మారుతుంటే తొందరపడాలి, లాస్ట్ అని ఉంటే తొందరపడటానికి కూడా ఏమీ మిగల్లేదు, మొదటినుంచి కాపీ చేసుకోవాల్సిందే. మాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్ అనే సెట్టింగ్‌తో స్లాట్ ఎంత వాల్ పట్టుకోవచ్చో హద్దు పెట్టొచ్చు. డిఫాల్ట్‌గా దాని విలువ మైనస్ ఒకటి, అంటే హద్దు లేదు. తుపాన్లు వచ్చే ప్రాంతంలో, చిన్న డిస్క్ మీద నడిచే సర్వర్లకి ఈ డిఫాల్ట్ సరిపడదు. హద్దు పెడితే సబ్‌స్క్రిప్షన్ చచ్చిపోవచ్చు కానీ వ్యాపారం నడిచే డేటాబేస్ బతుకుతుంది, ఈ రెంటిలో ఏది ముఖ్యమో మేనేజర్లని అడిగి ముందే రాసి పెట్టుకోవడం మంచిది. పద్దెనిమిదో వెర్షన్‌లో ఐడిల్_రెప్లికేషన్_స్లాట్_టైమౌట్ కూడా వచ్చింది, ఇన్నాళ్ళు ఎవరూ ముట్టుకోకపోతే స్లాట్‌ని చెల్లనిదిగా చేసేయమని చెప్పడానికి. డిస్క్ నిండిపోయింది కదా అని పీజీ_వాల్ ఫోల్డర్‌లోకి వెళ్ళి చేత్తో ఫైళ్ళు డిలీట్ చేసేవాళ్ళు కూడా ఉన్నారు. అలా చేస్తే డేటాబేస్ మళ్ళీ లేవకపోవచ్చు, అప్పుడు ఇక రెప్లికేషన్ గురించి ఎవరూ అడగరు.

డిస్క్‌కి ప్రమాదం లేదని తేలాక సబ్‌స్క్రైబర్ వైపు రావాలి. పీజీ_స్టాట్_సబ్‌స్క్రిప్షన్‌లో పీఐడీ, అంటే ప్రాసెస్ నంబర్, ఖాళీగా ఉంటే వర్కర్ నడవట్లేదు. పీఐడీ ఉండి, లాస్ట్_మెసేజ్_రిసీప్ట్_టైమ్ ఇప్పటి సమయానికి దగ్గరగా ఉంటే లైన్ బాగానే ఉంది. పీఐడీ చూసిన ప్రతిసారీ మారుతోందంటే వర్కర్ లేచి, ఎర్రర్ తగిలి, చచ్చి, మళ్ళీ లేస్తోంది. డిఫాల్ట్‌గా 5 సెకన్లకోసారి ఈ తంతు జరుగుతుంది. పదిహేనో వెర్షన్ నుంచి పీజీ_స్టాట్_సబ్‌స్క్రిప్షన్_స్టాట్స్‌లో అప్లై ఎర్రర్లు ఎన్ని, మొదటి కాపీలో వచ్చిన సింక్ ఎర్రర్లు ఎన్ని అని విడివిడిగా లెక్క కనబడుతుంది. అయితే అసలు విషయం ఉండేది లాగ్ ఫైల్‌లోనే, రెండు సర్వర్ల లాగ్‌లూ పక్కపక్కన పెట్టుకుని ఒకే సమయానికి ఏం రాశాయో చూడాలి. ఒక్కవైపు లాగ్ చూసి తీర్పు చెప్పేస్తే సగంసార్లు తప్పుతుంది.

కనెక్ట్ అవ్వట్లేదంటే, పైన చెప్పినట్టు, క్లౌడ్‌నుంచి ప్లాంట్‌కి దారి ఉందా అన్నది ప్రశ్న. కరెంటు పోయి వచ్చాక రూటర్‌కి కొత్త ఐపీ అడ్రస్ రావడం మామూలు విషయం, సబ్‌స్క్రిప్షన్‌లోని కనెక్షన్ స్ట్రింగ్‌లో మాత్రం పాత అడ్రసే ఉంటుంది. ఫైబర్ పోయినప్పుడు సిమ్ కార్డు రూటర్ మీదకి మారితే ఇంకా కష్టం, మొబైల్ నెట్‌వర్క్‌లో చాలామందికి కలిపి ఒకే పబ్లిక్ ఐపీ ఇస్తారు కాబట్టి బయటినుంచి లోపలికి రావడం కుదరదు. ప్లాంట్ సర్వరే బయటికి వీపీఎన్ టన్నెల్ (ఇంటర్నెట్ మీద సొంత దారి) తీసి, సబ్‌స్క్రైబర్ ఆ టన్నెల్ లోపలి అడ్రస్‌కి కనెక్ట్ అయ్యేలా పెడితే ఈ రెండూ పోతాయి. లైన్ ఉన్నా నెమ్మదిగా, తెగుతూ అతుకుతూ ఉంటే టైమౌట్ ఎర్రర్లు వస్తాయి; వాల్_సెండర్_టైమౌట్, వాల్_రిసీవర్_టైమౌట్ రెండూ డిఫాల్ట్‌గా 60 సెకన్లు. వాటిని పెంచుకోవచ్చు కానీ లైన్ బాగుచేయకుండా పెంచుకుంటూ పోతే సమస్య ఆలస్యంగా తెలియడం తప్ప ఒరిగేదేమీ లేదు.

లైన్ బాగుండి లోపలికి రానివ్వకపోతే, ఎవరిని ఎక్కడినుంచి రానివ్వాలో రాసి ఉండే పీజీ_హెచ్‌బీఏ ఫైల్ చూడాలి. అందులో రెప్లికేషన్ అని రాసిన లైన్ ఫిజికల్ రెప్లికేషన్‌కి, అంటే సర్వర్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు నకలు చేసే పద్ధతికి, మాత్రమే పనిచేస్తుంది, లాజికల్‌కి డేటాబేస్ పేరుతోనే లైన్ ఉండాలి. యూజర్‌కి రెప్లికేషన్ హక్కు ఇచ్చి టేబుల్స్ మీద సెలెక్ట్ ఇవ్వడం మర్చిపోతే కనెక్షన్ బ్రహ్మాండంగా కలుస్తుంది, మొదటి కాపీ దగ్గర పర్మిషన్ ఎర్రర్‌తో ఆగుతుంది. వాల్‌లో ఎంత వివరం రాయాలో చెప్పే వాల్_లెవెల్ సెట్టింగ్‌ని లాజికల్ అని పెట్టి సర్వర్ రీస్టార్ట్ చేయకపోవడం మరీ మొదటి రోజు పొరపాటు.

అప్లై దగ్గర ఆగడం దీనికంటే ఆసక్తికరం. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి; పాత ఉభయగోదావరి జిల్లాలు విడిపోయి అమలాపురం కోనసీమకి, భీమవరం పశ్చిమ గోదావరికి కేంద్రాలయ్యాయి. ఇక్కడి ప్రతి ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లోనూ జిల్లాల టేబుల్ మార్చాల్సి వచ్చే సందర్భం అది. మన ఊహా ప్లాంట్‌లో రిపోర్టులో కోనసీమ పేరు వెంటనే కనబడాలని ఎవరో రిపోర్టుల సర్వర్‌లో చేత్తో ఒక రికార్డు వేశారనుకుందాం. మర్నాడు మెయిన్ సర్వర్‌లో కూడా అదే కోడ్‌తో అదే జిల్లా వేశారు, అది రెప్లికేషన్‌లో వచ్చింది, ఒక్కో రికార్డుని విడిగా గుర్తించే ప్రైమరీ కీ దగ్గర గుద్దుకుంది, డూప్లికేట్ కీ అని ఎర్రర్ రాసి వర్కర్ ఆగింది. ఆ ఒక్క రికార్డు దాటితే తప్ప దాని వెనకాల ఉన్న పట్టుబడులు, చెల్లింపులు ఏవీ రావు, ఎందుకంటే మార్పులు వచ్చిన వరసలోనే పడాలి.

దీనికి మంచి మందు చాలా సులువు: సబ్‌స్క్రైబర్‌లో చేత్తో వేసిన రికార్డుని తీసేయడం. 5 సెకన్లలో వర్కర్ తనంతట తనే లేచి ముందుకు పోతుంది, ఏదీ డ్రాప్ చేయక్కర్లేదు. పదిహేనో వెర్షన్‌లో ఆల్టర్ సబ్‌స్క్రిప్షన్ స్కిప్ అని ఇంకో దారి వచ్చింది. లాగ్‌లో ఫినిష్డ్ ఎట్ అని కనబడే ఎల్‌ఎస్‌ఎన్‌ని దానికి ఇస్తే ఆ ట్రాన్సాక్షన్‌ని, అంటే కలిపి ఒకేసారి సేవ్ అయిన మార్పుల కట్టని, దాటేస్తుంది. జాగ్రత్తగా చదవండి, దాటేసేది ఆ రికార్డుని కాదు, మొత్తం ట్రాన్సాక్షన్‌ని. జిల్లా రికార్డుతోపాటు అదే ట్రాన్సాక్షన్‌లో మూడొందల మంది రైతుల అడ్రసులు కొత్త జిల్లాకి మార్చి ఉంటే ఆ మూడొందల మార్పులూ రిపోర్టుల సర్వర్‌కి ఇక రావు. స్కిప్ వాడినవాళ్ళు ఆ ట్రాన్సాక్షన్‌లో ఏమేం ఉన్నాయో చూసి మిగతావి చేత్తో సరిచేసుకోవాలి, ఆ ఓపిక లేకపోతే దాని జోలికి వెళ్ళకపోవడమే మేలు. అదే వెర్షన్‌లో వచ్చిన డిసేబుల్_ఆన్_ఎర్రర్ ఆప్షన్ పెడితే ఎర్రర్ వచ్చినప్పుడు మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి లాగ్ నింపకుండా సబ్‌స్క్రిప్షన్ తనే డిసేబుల్ అవుతుంది. బాగానే ఉంటుంది, కానీ డిసేబుల్ అయిన సబ్‌స్క్రిప్షన్ స్లాట్ కూడా వాల్‌ని పట్టుకునే ఉంటుందన్నది మర్చిపోయి శని, ఆదివారాలు వదిలేస్తే సోమవారం మళ్ళీ డిస్క్ కథే.

టేబుల్ ఆకారం మారినప్పుడు వచ్చే ఎర్రర్ ఇంకో రకం. క్రియేట్ టేబుల్, ఆల్టర్ టేబుల్ లాంటివి లాజికల్ రెప్లికేషన్‌లో వెళ్ళవు. మెయిన్ సర్వర్‌లో పట్టుబడుల టేబుల్‌కి ఐస్ ఖర్చు అని కాలమ్ చేర్చి, రిపోర్టుల సర్వర్‌లో చేర్చకపోతే, ఆ టేబుల్‌లో తర్వాత జరిగే మొదటి మార్పు దగ్గర కాలమ్ లేదని ఆగుతుంది. అక్కడ కూడా కాలమ్ చేర్చేస్తే చాలు, దానంతట అదే కదులుతుంది. అసలు ఆగకుండా ఉండాలంటే ముందు సబ్‌స్క్రైబర్‌లో చేర్చి తర్వాత పబ్లిషర్‌లో చేర్చాలి, సబ్‌స్క్రైబర్‌లో కాలమ్ ఎక్కువ ఉండటం తప్పు కాదు. తీసేసేటప్పుడు వరస తిరగేయాలి.

మొదటి కాపీ దగ్గర ఆగినవాటిని పీజీ_సబ్‌స్క్రిప్షన్_రెల్‌లో ఒక్కో టేబుల్‌కి ఉండే అక్షరం చెబుతుంది. ఆర్ అంటే సిద్ధం, డి అంటే కాపీ జరుగుతోంది, ఐ అంటే ఇంకా మొదలవ్వలేదు. గంటల తరబడి డి దగ్గరే ఉంటే టేబుల్ నిజంగా పెద్దదా, లేక కాపీ మధ్యలో ఫెయిలై మళ్ళీ మొదలవుతోందా అన్నది లాగ్‌లో చూడాలి. చాలా టేబుల్స్ ఐ దగ్గర నిలబడి ఉంటే వర్కర్లు చాలట్లేదేమో: మాక్స్_లాజికల్_రెప్లికేషన్_వర్కర్స్ డిఫాల్ట్ 4, మొత్తం మాక్స్_వర్కర్_ప్రాసెసెస్ 8, రెండు మూడు సబ్‌స్క్రిప్షన్లు పెట్టిన సర్వర్‌లో ఇవి ఇట్టే అయిపోతాయి. పబ్లిషర్ వైపు కూడా కాపీ అవుతున్న ప్రతి టేబుల్‌కీ తాత్కాలికంగా ఒక స్లాట్ కావాలి.

క్రియేట్ సబ్‌స్క్రిప్షన్ కొట్టాక ఎర్రర్ లేకుండా, జవాబు లేకుండా అలా ఉండిపోయే సందర్భం ఒకటి అందర్నీ ఏడిపిస్తుంది. స్లాట్ తయారవ్వాలంటే ఆ క్షణానికి పబ్లిషర్‌లో ఏదైనా మార్పు చేసి ఇంకా నడుస్తున్న ట్రాన్సాక్షన్లన్నీ ముగియాలి. ఎవరో అకౌంట్స్ సెక్షన్‌లో ప్రోగ్రామ్ తెరిచి, ఏదో మార్చి, ట్రాన్సాక్షన్ మధ్యలో వదిలేసి భోజనానికి వెళ్ళారంటే వాళ్ళు వచ్చేదాకా ఇక్కడ కదలదు. పీజీ_స్టాట్_యాక్టివిటీలో ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ అని కనబడే సెషన్ని వెతికితే సరి.

ఏయే టేబుల్స్ పంపాలో పబ్లిషర్‌లో పెట్టే జాబితాని పబ్లికేషన్ అంటారు. పబ్లికేషన్ రాత్రి పెడితే తెల్లారి కాటా దగ్గర ప్రోగ్రామ్ ఎర్రర్ ఇవ్వడం అన్నిటికన్నా వింత. ప్రైమరీ కీ లేని టేబుల్‌ని పబ్లికేషన్‌లో చేరిస్తే ఇన్సర్ట్‌లు జరుగుతాయి, అప్‌డేట్, డిలీట్ మాత్రం పబ్లిషర్‌లోనే ఫెయిలవుతాయి, ఏ రికార్డు మారిందో అవతలికి చెప్పే గుర్తు లేదు కాబట్టి. పాతకాలం నాటి సాఫ్ట్‌వేర్లలో ప్రైమరీ కీ లేని టేబుల్స్ కుప్పలుగా ఉంటాయి. రికార్డు మొత్తాన్నే గుర్తుగా వాడమని రెప్లికా ఐడెంటిటీ ఫుల్ అని పెడితే ఎర్రర్ పోతుంది, కానీ అప్పుడు సబ్‌స్క్రైబర్ ఒక్కో రికార్డు కోసం టేబుల్ మొత్తం వెతుక్కోవాల్సి రావచ్చు. పదహారో వెర్షన్ నుంచి తగిన ఇండెక్స్ ఉంటే వాడుకుంటుంది. ప్రైమరీ కీ పెట్టడమే అసలైన పరిష్కారం.

ఇప్పుడు ఎర్రర్ రాని వైఫల్యాలు. కొత్త టేబుల్ పబ్లికేషన్‌లో చేరినా, ఫర్ ఆల్ టేబుల్స్ అని పెట్టి ఉన్నా సరే, సబ్‌స్క్రైబర్‌లో ఆల్టర్ సబ్‌స్క్రిప్షన్ రిఫ్రెష్ పబ్లికేషన్ కొట్టేదాకా ఆ టేబుల్ డేటా రాదు. ఎక్కడా ఎర్రర్ ఉండదు. రిపోర్టుల సర్వర్‌లో ఎవరో క్లీనింగ్ పేరుతో పాత చెల్లింపుల రికార్డులు డిలీట్ చేస్తే, తర్వాత మెయిన్ సర్వర్‌లో ఆ చెల్లింపు పూర్తయిందని అప్‌డేట్ జరిగినప్పుడు ఇక్కడ మార్చడానికి రికార్డే ఉండదు. పోస్ట్‌గ్రెస్ దాన్ని పట్టించుకోకుండా వదిలేసి ముందుకు పోతుంది. పదిహేడో వెర్షన్ వరకు ఇది మామూలు లాగ్‌లో కూడా కనబడదు, పద్దెనిమిదిలో మాత్రం అప్‌డేట్ మిస్సింగ్, డిలీట్ మిస్సింగ్ అని లాగ్‌లో రాసి, స్టాట్స్ వ్యూలో లెక్క కూడా పెడుతోంది. పాత వెర్షన్ల నుంచి మారడానికి ఇదొక్కటే సరిపడా కారణం. అప్లై వర్కర్ రెప్లికా మోడ్‌లో నడుస్తుంది కాబట్టి ఫారిన్ కీలు (టేబుల్స్ మధ్య సంబంధాల నియమాలు) చూడదు, మామూలు ట్రిగ్గర్లు (రికార్డు మారినప్పుడు వాటంతటవే నడిచే చిన్న ప్రోగ్రాములు) నడపదు. రిపోర్టుల సర్వర్‌లో రైతువారీ మొత్తాలు కూడే ట్రిగ్గర్ రాసుకుని అది ఎందుకు పనిచేయట్లేదని తలపట్టుకునేవాళ్ళు ఆ ట్రిగ్గర్‌ని ఎనేబుల్ ఆల్వేస్ అని మార్చాలి.

వీటిని పట్టుకోవడానికి ఉన్న మార్గం మొరటుదే: రోజూ రాత్రి రెండువైపులా ముఖ్యమైన టేబుల్స్‌లో తేదీవారీ రికార్డుల సంఖ్య, డబ్బు కాలమ్ మొత్తం తీసి పోల్చడం. రికార్డుల సంఖ్య ఒక్కటే చూస్తే చాలదు, అప్‌డేట్ తప్పిపోతే సంఖ్య మారదు కదా, మొత్తాలే తేడా చూపిస్తాయి. దీంతోపాటు రిపోర్టుల సర్వర్‌లో మనుషులెవరికీ రాసే హక్కు లేకుండా చేస్తే పై సమస్యల్లో సగం పుట్టనే పుట్టవు.

మై ఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్ ఈ విషయంలో కొంచెం కఠినం: అప్‌డేట్ చేయాల్సిన రికార్డు దొరక్కపోతే 1032 అని, డూప్లికేట్ అయితే 1062 అని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. కావాల్సిన బిన్‌లాగ్, అంటే అందులోని మార్పుల చిట్టా, పంపే సర్వర్ దగ్గర చెరిగిపోయి ఉంటే 1236. మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ట్రాన్సాక్షనల్ రెప్లికేషన్ నడిపేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన అంకె 72. పంపాల్సిన మార్పుల్ని దాచే డిస్ట్రిబ్యూషన్ డేటాబేస్‌లో అవి నిలవుండే గరిష్ఠ కాలం డిఫాల్ట్‌గా 72 గంటలు, ఆ లోపల సింక్ అవ్వని సబ్‌స్క్రిప్షన్‌ని క్లీనప్ జాబ్ డీయాక్టివేట్ చేసేస్తుంది, ఇక రీఇనిషియలైజ్, అంటే మొదటినుంచి కాపీ చేయడం, తప్పదు. 1996 నవంబరు 6 తుపానుని చూసిన కోనసీమలో మూడు రోజులు లైన్లు లేకపోవడం ఊహకి అందని సంగతేం కాదు, ఆ అంకెని సీజన్ మొదలవ్వకముందే పెంచుకోవచ్చు.

అన్నీ చూశాక నిజంగా డ్రాప్ చేయాల్సిందే అని తేలొచ్చు, స్లాట్ లాస్ట్ అయిపోయినప్పుడు అంతే. పబ్లిషర్ అందుబాటులో ఉంటే డ్రాప్ సబ్‌స్క్రిప్షన్ అవతలి స్లాట్‌ని కూడా తీసేస్తుంది. అందుబాటులో లేకపోతే ఆ కమాండే ఫెయిలవుతుంది; అప్పుడు సబ్‌స్క్రిప్షన్‌ని డిసేబుల్ చేసి, స్లాట్_నేమ్‌ని నన్ అని మార్చి, ఆ తర్వాత డ్రాప్ చేయాలి. ఇలా చేస్తే పబ్లిషర్‌లో స్లాట్ అనాథగా మిగులుతుంది. లైన్ రాగానే అక్కడికెళ్ళి పీజీ_డ్రాప్_రెప్లికేషన్_స్లాట్‌తో దాన్ని తీసేయకపోతే, ఎవరూ వాడని స్లాట్ కోసం వాల్ పేరుకుంటూనే ఉంటుంది, డేటాబేస్ తన సొంత వివరాలు దాచుకునే సిస్టమ్ కేటలాగ్ టేబుల్స్‌లోని పాత రికార్డుల్ని వాక్యూమ్ అనే ప్రాసెస్ కూడా శుభ్రం చేయలేదు. మళ్ళీ క్రియేట్ చేసేముందు సబ్‌స్క్రైబర్ టేబుల్స్‌ని ట్రంకేట్ చేయాలి, అంటే పూర్తిగా ఖాళీ చేయాలి, మొదటి కాపీ రాత్రి పూట పెట్టుకోవాలి.

ప్లాంట్ సర్వర్ పూర్తిగా పోయి రిపోర్టుల సర్వర్‌నే మెయిన్‌గా వాడాల్సి వచ్చినప్పుడు చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. పద్దెనిమిదో వెర్షన్ వరకు సీక్వెన్సుల, అంటే వరస నంబర్లు ఇచ్చే కౌంటర్ల, విలువలు రెప్లికేషన్‌లో రావు. టేబుల్‌లో బిల్లు నంబర్ 84,210 దాకా వచ్చి ఉన్నా సీక్వెన్స్ మాత్రం ఒకటి దగ్గరే ఉంటుంది, కాబట్టి ఎంట్రీలు మొదలుపెట్టనిచ్చే ముందు ప్రతి సీక్వెన్స్‌నీ సెట్‌వాల్‌తో ఆ టేబుల్‌లో ఉన్న పెద్ద నంబర్ పైకి జరపాలి, లేకపోతే మొదటి బిల్లే డూప్లికేట్ కీ ఎర్రర్‌తో ఆగుతుంది.